క్రెడిట్ కార్డు – అదనపు రుసుము: చారిత్రక విచారము

హుండీ మార్చునపుడు వట్టము తీయుట మన పెద్దలెరిగినదే. ఆ వట్టమెంతయో ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని తెలిసియే యుండెడిది. నేటి క్రెడిట్ కార్డునందును వట్టము కలదు గాని, దాని నెవరు భరించుచున్నారో కొనువానికి కానరాదు. ఈ మరుగు ఎట్లేర్పడినదో, దానిని తొలగింప అమెరికా వర్తకులెట్లు పాటుపడిరో, వర్తకమే వృత్తిగాగల సోదరులకు సంగ్రహముగ నివేదింప నుద్దేశించితిమి.

1950లో న్యూయార్కు నగరమున ఫ్రాంక్ మెక్‌నమారా మొదలగువారు డైనర్స్ క్లబ్బును స్థాపించిరి. సభ్యుడు కార్డు చూపి భుజించి, పిమ్మట క్లబ్బునకు సొమ్ము చెల్లించును. భోజనశాల యజమాని నూటికి 7 వంతున క్లబ్బునకు విడువవలెను. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణమున తన కార్డును ప్రవేశపెట్టెను. కార్డువారివద్ద హెచ్చు సొమ్ము పుచ్చుకొనరాదను నిబంధన వర్తకుల ఒడంబడికలలో చేరెను. అంతట వర్తకుడు ఆ ఖర్చును సరకులన్నిటి ధరలలో కలిపెను. కార్డులేని పేదవాడు రొక్కమిచ్చి కొన్నను, కార్డుగలవాని ఖర్చులో పాలు మోయవలసివచ్చెను.

రొక్కమిచ్చువారికి వర్తకుడు తగ్గించి యిచ్చుటను కార్డు సంస్థలు అడ్డగింపరాదని అమెరికా కాంగ్రెసు 1974లో శాసించెను. 1976లో ఆ సభయే కార్డుపై అదనపు రుసుమును నిషేధించెను. 100 డాలర్ల ధర వ్రాసి రొక్కమునకు 97 పుచ్చుకొనుట సమ్మతము. 97 వ్రాసి కార్డునకు 3 చేర్చుట నిషిద్ధము! లెక్క యొక్కటే, పేరు వేరు. 1984లో ఆ నిషేధమునకు గడువు తీరినను, న్యూయార్కు మొదలగు రాష్ట్రములు తమ చట్టములచే దానిని నిలిపినవి. ఒక క్షౌరశాలయు మరికొందరు వర్తకులును వ్యాజ్యమాడగా, ఆ చట్టము వర్తకుడు ధర తెల్పు మాటనే కట్టడి చేయుచున్నదని సర్వోన్నత న్యాయస్థానము 2017లో తేల్చి, వ్యాజ్యమును క్రింది న్యాయస్థానమునకు పంపెను. కార్డు ధరను ముందే ప్రకటించి, తాను సంస్థకు కట్టునంతవరకే వర్తకుడు పుచ్చుకొనవచ్చునని న్యూయార్కు చట్టము సవరింపబడి, ఆ సవరణ 2024లో అమలునకు వచ్చెను.

వర్తకులందరును నిర్దోషులని మేమనము. ఆస్ట్రేలియాలో 2003 నుండి రుసుమునకు అనుమతి లభింపగా, కొందరు ఖర్చునకు మించి వసూలు చేసిరి. 2016లో శాసనముచే దానిని అరికట్టవలసివచ్చెను. బ్రిటను 2018లో సామాన్య కొనుగోలుదార్ల కార్డులపై రుసుమునే మాన్పించెను.

మనదేశమున, డెబిట్ కార్డుపై వర్తకులు రుసుము తీయుట తగదని రిజర్వు బ్యాంకు 2013లో బ్యాంకులకు తెలిపెను. 2020 జనవరి 1 నుండి రూపే డెబిట్ కార్డు, యూపీఐ చెల్లింపులపై వర్తకుని కమీషను తొలగింపబడినది. క్రెడిట్ కార్డు కమీషను మాత్రము వర్తకునిపైననే నిలిచినది.

కావున సోదరులారా! బ్యాంకుతోడి ఒప్పందమును చక్కగ చదువుకొనుడు. అది సమ్మతించిననే రుసుము చేర్చుడు. చేర్చినచో అయిన ఖర్చునకు మించకుడు, బేరమునకు ముందే చెప్పుడు. త్రాసు ముల్లును కొనువానికి కానవచ్చునట్లు నిలుపుట మన వృత్తిధర్మము. ధర విషయమునను అంతియే.