యుద్ధ పథకంలో పుట్టిన ఉమ్మడి సొత్తు

ఒక సృష్టిని పుట్టుకను బట్టి అంచనా వెయ్యాలా, వినియోగాన్ని బట్టి వెయ్యాలా అన్న చర్చ మన విమర్శలో ఎడతెగకుండా సాగుతోంది. ఆ చర్చకు పనికివచ్చే చరిత్ర ఒకటి సాహిత్యం వెలుపల నాకు కనిపించింది. పెద్ద పెద్ద శాస్త్ర పరిశోధనా యంత్రాలను నడిపే 'ఎపిక్స్' అనే సాఫ్ట్‌వేర్ చరిత్ర అది.

1983 మార్చిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ క్షిపణి రక్షణ పథకం ప్రకటించాడు. 'నక్షత్ర యుద్ధాలు' అని లోకం పెట్టిన పేరే దానికి నిలిచింది. కణపుంజాన్ని ఆయుధంగా మలచాలన్నది అందులో ఒక ఊహ. అందుకోసం లాస్ అలమోస్‌లో, మొదటి అణుబాంబును రూపొందించిన చోటనే, ఒక పరీక్షా యాక్సిలరేటర్ తలపెట్టారు. దానికోసం బాబ్ డాలెసియో ప్రభృతులు రాసిన నియంత్రణ వ్యవస్థే ఎపిక్స్‌కు మూలం. 1989లో చికాగో దగ్గరి ఆర్గాన్ ప్రయోగశాలకు చెందిన మార్టీ క్రైమర్ దాన్ని పరిశీలించాడు. ఆర్గాన్‌వారు కట్టదలచింది ఆయుధం కాదు, పదార్థ నిర్మాణాన్ని పరిశోధించే ఎక్స్‌కిరణ యంత్రం. ఇరువురూ కలిసి ఆ సాఫ్ట్‌వేర్‌ను పెంచారు.

ఇటువంటి యంత్రంలో అయస్కాంతాలూ, వాక్యూమ్ పంపులూ, విద్యుత్ సరఫరా పెట్టెలూ వేలసంఖ్యలో వుంటాయి. అన్నిటినీ ఒకే పెద్ద కంప్యూటరుకు కట్టేస్తే, అది ఆగిన క్షణాన అన్నీ ఆగుతాయి. ఎపిక్స్‌లో ఆ దొరతనం లేదు. యంత్రం పొడవునా చిన్న కంప్యూటర్లు వుంటాయి. తన పరిధిలోని కొలతలకు ఏది దానికదే బాధ్యురాలు. ప్రతి కొలతకూ ఒక పేరుంటుంది. కంట్రోలు గదిలో వున్న మనిషికి ఒక అయస్కాంతంలోని కరెంటు ఎంతో తెలియాలంటే, అతని కంప్యూటరు ఆ పేరును నెట్‌వర్కంతటా కేకవేస్తుంది. ఆ పేరు ఎవరిదో వారే పలుకుతారు, మిగిలినవి వూరుకుంటాయి. తర్వాతి సంభాషణ ఆ రెంటి మధ్యనే. కొత్త పరికరం చేర్చినప్పుడు కేంద్ర జాబితా దిద్దే పని లేదు, అసలు అటువంటి జాబితాయే అక్కర్లేదు. కాకపోతే ఒకే పేరు రెండుచోట్ల వుంటే గల్లంతే. కనుక పేర్లు పెట్టటానికి ముందుగానే అందరూ ఒక కట్టుబాటుకు రావాలి. (భాషతో పనిచేసే మనకిది వింత కాదు.)

ఇదంతా ప్రజాస్వామిక ఆదర్శంతో చేశారని మురిసిపోవటాన్ని నేను ఒప్పుకోను. యంత్రపు అవసరమే ఈ రూపాన్ని నిర్ణయించింది. కాని అది పంచుకోబడటానికి కారణం వేరు. ఏ ప్రయోగశాలకూ చాలినంతమంది ప్రోగ్రామర్లు లేరు. ఒకచోట రాసింది మరోచోటికి కావలసివచ్చింది. యుద్ధ యాక్సిలరేటర్ 1990ల తొలి సంవత్సరాల్లో పూర్తికాకుండానే ఆగిపోయింది. దాని సాఫ్ట్‌వేర్ మాత్రం హవాయిలోని కెక్ టెలిస్కోపుకూ, జపాన్ యాక్సిలరేటర్లకూ, మన కోల్‌కతాలోని సైక్లోట్రాన్ కేంద్రానికీ చేరింది. 2004లో, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే బహిరంగ లైసెన్సు కిందికి వచ్చింది.