లెడ్జరు నుంచి ఫోను దాకా

1982లో దేశంలో డ్వాక్రా మొదలైంది. మన గోదావరి పల్లెల్లో సంఘం లెక్కంటే తీర్మానాల పుస్తకం, లెడ్జరు, చేతిలో పాసుపుస్తకం. చదువొచ్చిన ఒకరు రాసేవారు, మిగతావాళ్లు విని వేలిముద్ర వేసేవారు.

1992లో నాబార్డు బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. అప్పటినుంచి పుస్తకం సరిగా ఉన్న సంఘానికే బ్యాంకులో మాట చెల్లింది. పంచసూత్రాల్లో పుస్తక నిర్వహణ ఒకటి అందుకే.

2011లో స్త్రీనిధి వచ్చింది. ఫోనులోనే అప్పు అడగడం, 48 గంటల్లో అందించాలన్న లక్ష్యం. లెడ్జరు గీతలకు అలవాటుపడిన కళ్లకు ఆ తెర కొత్త. పాత పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కొక్కరి పొదుపు, అప్పు, వడ్డీ ఎక్కించి, మొత్తాలు సరిచూసుకుంటేనే అది చేతికొస్తుంది.

కూడిక ఫోను చేస్తుంది. తప్పు అంకె ఎక్కితే తప్పే కూడుతుంది. అందుకే అక్కచెల్లెళ్లారా, సమావేశంలో మీ లెక్క పైకి చదివించుకోండి, పాసుపుస్తకంతో పోల్చుకోండి. డబ్బు మనది, లెక్కా మనదే.