కల్లారు మంగుస్తాన్ చెట్లు

మెట్టుపాళయం దాటి కూనూరు రోడ్డు పట్టుకుంటే, మైదానం ముగిసి కొండ మొదలయ్యేచోట కల్లారు వస్తుంది. నీలగిరి కొండ రైలు దంతాల పట్టా మీద ఎక్కడం మొదలుపెట్టేది కూడా ఇక్కణ్ణించే. చుట్టూ వక్కతోటలు, పక్కనే ఏరు. మంగుస్తాన్‌కు కూనూరులో చలి పడదు, మా మెట్టుపాళయంలో ఎండ పడదు. ఆ చెట్టుకు కావలసిన వేడీ తేమా కలిసి దొరికేది కల్లారు నుంచి బర్లియారు దాకా ఉన్న ఈ కొద్దిపాటి వాలులోనే. తమిళనాడులో ఇది కాసే చోట్లు చాలా కొద్ది. కుట్రాలం వైపు మరికొన్ని చెట్లున్నాయి.

బర్లియారులోని పండ్ల తోటకు ఆద్యుడు కోయంబత్తూరు కలెక్టరుగా పనిచేసిన ఇ.బి. థామస్. 1871లో దాన్ని ప్రభుత్వం తీసుకుంది. కింద కల్లారు తోట 1900లో వచ్చింది, అంటే రైలు కూనూరు చేరిన మరుసటి ఏడాదే. మలయా వైపు పళ్లు, సుగంధ ద్రవ్యాలు మన గడ్డ మీద పండుతాయో లేదో చూడాలని మంగుస్తాన్, డురియన్, రంబుటాన్, జాజికాయ, లవంగం పెట్టారు. వాటిలో డురియన్‌కు వేరే పేరొచ్చింది. అది తింటే సంతానం కలుగుతుందని నమ్మి ఎంతో దూరం నుంచి దంపతులు వస్తారు. నాకు మాత్రం ఈ తోటల అసలు చరిత్ర మంగుస్తాన్‌లోనే కనిపిస్తుంది.

దీనికి మగచెట్టు లేదు. పరాగం అక్కర్లేకుండానే గింజ కడుతుంది, మొలిచిన మొక్క అచ్చం తల్లే. అందుకే ఇక్కడ గింజ నుంచి ఎన్ని తరాలు మొలిచినా, వందేళ్లకు ముందే ఎవరో తెచ్చి నాటిన ఆ చెట్టే మళ్లీ మళ్లీ కాస్తున్నట్టు లెక్క. కానీ గింజ ఆరిందంటే చచ్చినట్టే. పండు తిన్న వెంటనే తడిమట్టిలో పెట్టాలి. వేళ్లు నెమ్మదిగా పెరుగుతాయి, మొక్కకు నీడ కావాలి, గింజ మొక్క కాపుకొచ్చేసరికి పదేళ్లు గడుస్తాయి. అంత ఓపిక ఉన్న రైతులు కొద్దిమందే కాబట్టి సాగూ కొద్దే.

వానాకాలంలో బర్లియారు రోడ్డు పక్కన బుట్టల్లో అమ్ముతారు. కొనేముందు కాయను తిరగేసి అడుగున పూవులాంటి గుర్తు చూడాలి. దానికి ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలు. రాయిలా గట్టిపడినది వద్దు. రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కితే ఊదారంగు తొక్క పగిలి, వెల్లుల్లి రెబ్బల్లా తెల్లని తొనలు బయటపడతాయి. తొక్క రసం బట్టకు అంటితే మరక వదలదు. కేరళవాళ్లు చేపల పులుసులో వేసే కుడంపులి దీనికి దగ్గరి చుట్టమే, కానీ ఈ తీపి దానికి లేదు.

కల్లారు తోట ఏనుగులు తిరిగే దారిలో ఉంది. దాన్ని అక్కణ్ణించి తీసేయాలన్న వివాదం కోర్టు దాకా వెళ్లింది. ఏనుగుల దారి ఏనుగులకు ఇవ్వాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ముదురు మంగుస్తాన్‌ను పెకలించి మరోచోట బతికించడం అయ్యే పని కాదు. ఆ చెట్ల గింజలతో పెంచిన మొక్కలను తోట తీసేయకముందే బర్లియారు వాలు మీది చిన్న రైతులకు పంచాలి. ఈ కాపు గింజలతో మొదలుపెట్టినా వాళ్ల తోటల్లో మొదటి కాయ చూడటానికి పదేళ్లు ఆగాలి.