రహీం శిక్షణలో హైదరాబాదు ఫుట్‌బాల్: ఒక నూతనారంభ చరిత్ర

ఒక జట్టునకు కొత్త శిక్షకుడు వచ్చినపుడు, పాతదానినంతయు తుడిచివేసి మొదటినుండి ఆరంభించుటయే నూతనారంభమని పలువురు తలచుచుందురు. దక్షిణ భారతమున సుప్రసిద్ధమైన హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు చరిత్రను పరిశీలించినచో ఈ తలంపు సరికాదని తేటపడును. 1950లో ఆ జట్టు శిక్షణభారమును వహించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత బడిపంతులు. పూర్వులు వేసిన పునాదిని ఆయన పెకలింపలేదు. బడిలో పిల్లలకు అక్షరములు దిద్దించు తీరుననే ఆటగాండ్రకు ఆటలోని మూలపాఠములను తిరిగి దిద్దించెను. ఆ జట్టు గొప్పతనమునకు కారణమిదియే. ఆయన తరువాత వచ్చిన క్షీణతకు కారణమును కూడ ఇందే వెదకవలసియున్నది.

కర్ణాటక రాష్ట్రమున నుండియు చాలవరకు ఆంధ్రదేశముచే చుట్టుకొనబడియున్న పావగడ తాలూకాలో, అరసికెరె వంటి గ్రామములయందలి తెలుగువారికి హైదరాబాదు కథ దూరపు ముచ్చటగా తోపవచ్చును. కాని ఆ జట్టు తొలి విఖ్యాతి మనకు సమీపమైన బెంగళూరు మైదానముననే కలిగినది.

పూర్వరంగము

1943లో బెంగళూరున జరిగిన ఆష్ గోల్డు కప్పు పోటీలో హైదరాబాదు పోలీసులు ఆంగ్ల వైమానికదళపు జట్టును ఓడించిరి. ఆంగ్ల సైనిక దళములదే పైచేయిగా నుండిన ఆ దినములలో ఇది సామాన్య విజయము కాదు. అప్పుడు జట్టును తీర్చినవాడు నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్. పోలీసు శాఖలో ఉన్నతాధికారియైన శివకుమార్ లాల్ ఫుట్‌బాలునకు పోషకుడై నిలిచెను. కాబట్టి రహీం వచ్చునాటికి ఆ జట్టు దిక్కులేనిది కాదు. దేహదార్ఢ్యము, పట్టుదల, గెలుపు రుచి దానికి ముందే కలవు. కొరవడినది శాస్త్రీయమైన శిక్షణ.

కళాశాలనుండి పాఠశాలకు

రహీం 1909లో హైదరాబాదున జన్మించెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషయైన ఉర్దూను ఉన్నతవిద్యకు బోధనభాషగా గైకొని కొత్త త్రోవ త్రొక్కినది. ఆయన అచ్చటనే చదివి, విశ్వవిద్యాలయపు జట్టులో ఆడెను. విద్యార్థులును పూర్వవిద్యార్థులును కూడి ఏర్పరచుకొన్న ఎలెవన్ హంటర్స్ జట్టులోను, కమర్ క్లబ్బులోను ఆడి పేరు గడించెను. పట్టభద్రుడైన పిమ్మట ఉపాధ్యాయవృత్తి నవలంబించి, కాచిగూడ మొదలగు పాఠశాలలయందు బోధించెను. తరువాత వ్యాయామవిద్యలో శిక్షణ పొంది పాఠశాలల క్రీడాభారమును వహించెను. 1940 దశకమున హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, స్థానిక పోటీల నిర్వహణను చేపట్టెను.

ఈ జీవితక్రమమును గమనింపవలెను. కళాశాల మైదానమున ఆటగాడు, తరగతిగదిలో ఉపాధ్యాయుడు, సంఘములో నిర్వాహకుడు అను మూడు అనుభవములు ఆయనలో ఏకమైనవి. సిటీ పోలీసు జట్టునకు దొరకిన కొత్త శిక్షకుడు ఇట్టివాడు.

శిక్షణ విధానము

ఆనాడు మన దేశమున ఒంటరిగా బంతిని నడపుకొని పోయి ప్రేక్షకుల చప్పట్లు పొందుటయే మేటి ఆటగా ఎన్నబడుచుండెను. రహీం దానిని మార్చదలచెను. బంతిని తనయొద్ద ఉంచుకొనక, తాకిన వెంటనే తోటివానికి అందించు అభ్యాసమును అలవరచెను. ఇందులకై బంతిని నడపుకొనుట నిషేధించిన ప్రత్యేక పోటీలను ఏర్పరచెను. పలువురకు కుడికాలు బలమైనది, ఎడమకాలు బలహీనము. బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో మరికొన్ని పోటీలు నడపెను.

చూచుటకు ఇవి చిన్న యుక్తులు. ఐనను ఇందు లోతైన విద్యాసూత్రమొకటి కలదు. విద్యార్థి తనకు వచ్చిన పాఠమునే మరల మరల అప్పగింప నిచ్చగించును. రానిదానిని తప్పించుకొన జూచును. ఉపాధ్యాయుడు వానిని రానిదాని యెదుటనే కూర్చుండబెట్టవలెను. రహీం దీనిని ఉపదేశముగా చెప్పి ఊరకుండక, ఆటనియమముగానే మార్చివైచెను. నియమమైనప్పుడు తప్పించుకొను దారి లేదు. పోటీ గనుక విసుగును లేదు.

ఫలితములు

1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు సిటీ పోలీసు జట్టు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచినది. 1950లో డ్యూరాండ్ కప్పును సాధించి, 1954లోను, 1957లోను మరల నెగ్గినది. హైదరాబాదు జట్టు 1956–57, 1957–58 సంవత్సరములలో సంతోష్ ట్రోఫీని వరుసగా గెలుచుకొన్నది. కలకత్తా జట్లే సర్వస్వమని తలచు దినములలో దక్షిణాది నగరమొకటి ఇట్లు తలయెత్తి నిలిచినది.

భారతజట్టునకు సైతము రహీమే శిక్షకుడయ్యెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరానును 1–0తో ఓడించి భారతదేశము స్వర్ణపతకము నొందెను. మరుసటి సంవత్సరమే హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1–10తో ఘోరపరాజయము సంభవించినది. పెక్కురు పాదరక్షలు లేకుండ ఆడుట దీనితో ముగిసినది. ఆటగాండ్రు బూట్లు ధరింపవలెనని జాతీయ సంఘము నిర్ణయించెను. 1953లో హంగేరి వెంబ్లీయందు ఇంగ్లండును 6–3తో ఓడించిన కొత్త వ్యూహము ఫుట్‌బాల్ లోకమును కదలించెను. రహీం ఆ మార్పును గ్రహించి, ముందువరుసలోని ఆటగానిని కొంత వెనుకకు జరపి ఆడించు పద్ధతిని మన జట్టునకు అన్వయించెను.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో దాని ఫలము కనబడినది. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేయగా భారతజట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాలున సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టయ్యెను. సెమీఫైనలులో యుగోస్లావియాపై మొదటి గోలు మనవారే చేసిరి; పిమ్మట 1–4తో ఓడి, చివరకు నాల్గవస్థానమున నిలిచిరి. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మొదలగు హైదరాబాదు, సికింద్రాబాదు యువకులు ఆ బృందమున ఉండిరి.

జకార్తా విజయము

1962 జకార్తా ఆసియా క్రీడలు రహీం జీవితమున కడపటి మహాఘట్టము. అప్పటికే ఆయన దేహమును క్యాన్సరు తొలుచుచుండెను. మొదటి పోటీలో దక్షిణ కొరియా భారతమును 2–0తో ఓడించెను. తరువాతి పోటీలో రక్షకుడైన జర్నైల్ సింగ్ తలకు గాయమయ్యెను. కుట్లు పడిన తలతో అతనిని రక్షణస్థానమున నిలుపుటకు మారుగా రహీం ముందువరుసకు పంపెను. సెమీఫైనలులోను, సెప్టెంబరు 4న జరిగిన తుదిపోటీలోను అతడు గోలు చేసెను. తుదిపోటీలో ప్రత్యర్థి మరల దక్షిణ కొరియాయే. స్థానిక ప్రేక్షకులు మనవారికి ప్రతికూలముగా కేకలు వేయుచున్నను, భారతము 2–1తో గెలిచెను. మొదటి గోలు పి.కె. బెనర్జీది. ఆటగాడు రెండు స్థానములకును పనికివచ్చునట్లు తీర్చబడియుండుట ఎంతటి మేలో ఆనాడు ఋజువయ్యెను.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న రహీం మరణించెను. భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడలలో ఆ తరువాత మరల స్వర్ణము నెగ్గలేదు. 1970లో హైదరాబాదు బిడ్డయైన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వమున కాంస్యము మాత్రము లభించినది.

తదనంతరము

రహీం నాటిన విత్తనము ఆయన మరణముతో ఎండిపోలేదు. 1963లో ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు రోవర్స్ కప్పును గెలిచెను. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని సాధించెను. అదియే ఆఖరు. 1966లో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ వంటి మేటి ఆటగాండ్రు కలకత్తా తరలిపోయిరి. వారు అచ్చట కీర్తి గడించిరి; వారిని తయారుచేసిన ఊరు మాత్రము వట్టిపోయెను. వలసపోయినవారిని నిందించుట న్యాయము కాదు. పోయినవారి స్థానమున మరల పదిమందిని తయారుచేయు ఏర్పాటు నిలువకపోవుటయే అసలు లోపము. బలహీనమైన కాలితో ఆడు పోటీలు, బంతి నడపరాని పోటీలు ఒక వ్యక్తి ఉత్సాహముపై ఆధారపడినవే గాని, ఏటేట నడచు ఆచారముగా స్థిరపడలేదు.

2024లో వెలువడిన మైదాన్ చలనచిత్రము రహీం పేరును కొత్తతరమునకు వినిపించినది. జ్ఞాపకము మంచిదే. ఆయన నేర్పిన పద్ధతి మరల మైదానములలో అడుగిడుట అంతకంటె మేలు.

ఉపసంహారము

ఈ చరిత్రనుండి గ్రహింపదగినవి రెండు. కొత్త శిక్షకుడు పూర్వుల కృషిని గౌరవించి, అందులో లోపించినదానిని పూరించినప్పుడే నూతనారంభము ఫలించును. అతడు పోయిన పిదపను పాఠము సాగునట్లు వ్యవస్థ ఏర్పడినప్పుడే ఆ ఫలము నిలుచును. ఆటకు వర్తించు ఈ మాట భాషకును వర్తించును. పరరాష్ట్రమున తెలుగు బడి ఒక ఉత్సాహవంతుడైన ఉపాధ్యాయునిచే వెలుగవచ్చును. అతని బదిలీతోనో విరమణతోనో మసకబారవచ్చును. ఉపాధ్యాయుడు మారినను తెలుగు పాఠము ఆగకుండ చూచుకొను భారము ఊరిదియు, సంఘములదియు. హైదరాబాదు మైదానములు మనకు నేర్పు పాఠమిది.