మంత్రం మాటున హంతకుడు: పిఠాపురం, తెలుగు థ్రిల్లర్

వరుస హత్యలనూ మంత్రతంత్రాల భయాన్నీ కలిపి చెప్పే కథ తెలుగువారికి చాలావరకు బెంగాల్ నుంచే వచ్చింది. కలకత్తాలో ప్రియనాథ్ ముఖోపాధ్యాయ 1892లో ‘దారోగార్ దఫ్తర్’ పేరిట పోలీసు కథలు వెలువరించడం మొదలుపెట్టాడు. ఆ బాటను విశాలం చేసినవాడు పాంచకడి దే (1873–1945). ‘మాయావి’, ‘మాయావిని’ వంటి అతని నవలల్లో మారువేషాలు, విషప్రయోగాలు, డిటెక్టివ్ దేవేంద్రవిజయుణ్ణి ముప్పుతిప్పలు పెట్టే జుమేలియా అనే హంతకి కనిపిస్తాయి. కోనన్ డాయిల్ బాస్కర్‌విల్ నవలనూ అతను బెంగాలీ చేశాడు. అందులో ఒక వంశాన్ని దెయ్యపు కుక్క వేటాడుతోందని జనం నమ్ముతారు. తీరా చూస్తే కుక్క వెనక ఆస్తి కోసం కాచుకున్న మనిషి ఉంటాడు.

1907లో బెంగాల్ జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి, కాకినాడల్లో ఉపన్యసించాక గోదావరి జిల్లాల్లో బెంగాలీ సాహిత్యంపై మోజు పెరిగింది. ‘ఏకాంతసేవ’ రాసిన పిఠాపురం ఆస్థాన కవులు బాలాంత్రపు వేంకటరావు, ఓలేటి పార్వతీశం ఆ మోజును అందిపుచ్చుకున్నారు. వేంకట పార్వతీశ కవులుగా పేరొందిన ఈ జంట ఆంధ్రప్రచారిణీ గ్రంథమాల ద్వారా ఎన్నో బెంగాలీ నవలలను తెలుగు పాఠకులకు చేర్చింది. పాంచకడి దే అపరాధ పరిశోధక నవలలు తెలుగులోకి వచ్చింది ఈ అనువాదాల వెల్లువలోనే. తర్వాతి తరంలో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అద్దె పుస్తకాల షాపుల్లో రాజ్యమేలారు.

1980లలో ఈ కథ రెండు దారులు పట్టింది. రెండింటికీ ఆద్యులు తూర్పుగోదావరి వాళ్లే. రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. కాష్మోరా అనే క్షుద్రప్రయోగానికి గురైన చిన్నపిల్లను బతికించడానికి ఒకవైపు హిప్నాటిజం, వైద్యం, మరోవైపు మంత్రగాడి కోసం వేట ఒకేసారి సాగుతాయి. పిల్లను బతికించింది ఏదన్నది రచయిత పాఠకుడికే వదిలేశాడు. పసలపూడి కథల రచయిత, దర్శకుడు వంశీ తీసిన ‘అన్వేషణ’ (1985) సినిమా బాస్కర్‌విల్ దారిలోనే నడిచింది. అడవిలో చావులన్నీ పులి పనేనని జనం అనుకుంటారు, చంపుతున్నది మాత్రం మనిషి.

మంత్రం మాటున హంతకుడు అదే గోదావరి జిల్లాల్లో నిజజీవితంలోనూ ఎదురయ్యాడు. 2019 నవంబరులో పశ్చిమగోదావరి పోలీసులు ఒక నిందితుణ్ణి అరెస్టు చేశారు. గుప్తనిధులు, మహిమగల నాణేలు ఆశ చూపి, ప్రసాదంలో సైనైడ్ కలిపి, 20 నెలల్లో ఉభయగోదావరి, కృష్ణా జిల్లాల్లో 10 మందిని చంపాడని అభియోగం మోపారు. చాలా మరణాలు మొదట సహజమైనవిగానే చెలామణి అయ్యాయి. ఏలూరులో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి మరణంపై దర్యాప్తుతో మిగతావన్నీ ఒక్కటొక్కటిగా బయటపడ్డాయి.