అంగారకుడి నేల: కాలువల భ్రమ నుంచి మంగళ్‌యాన్ ఫొటోల దాకా

భూస్వరూపాలు జీఎస్ పేపర్ 1కి, అంతరిక్షం పేపర్ 3కి అని మనం వేర్వేరు నోట్సులు రాసుకుంటాం. అంగారకుడి దగ్గరికొస్తే ఆ రెండూ ఒకటే.

1877లో ఇటలీ ఖగోళవేత్త స్కియాపరెల్లి టెలిస్కోపులో సన్నటి గీతలు చూసి 'కనాలీ' అన్నాడు. ఇటాలియన్‌లో ఆ మాటకు సహజమైన పాయలనే అర్థం కూడా ఉంది. ఇంగ్లిష్‌లో అది 'కెనాల్స్' అయ్యింది, అంటే ఎవరో తవ్విన కాలువలు! అమెరికాలో పెర్సివల్ లోవెల్ ఏకంగా ఒక నాగరికతనే ఊహించాడు. 1965లో మారినర్-4 పక్కనుంచి వెళ్తూ తీసిన ఇరవై చిల్లర ఫొటోల్లో కనిపించింది ఉల్కల గుంతలే. దాంతో అంగారకుడు చంద్రుడిలాంటి మృతలోకమని చాలామంది తేల్చేశారు. అదీ తొందరపాటే. వాళ్లు చూసింది ఉపరితలంలో నూటికి ఒక వంతు.

1971 నవంబర్‌లో మారినర్-9 కక్ష్యలోకి చేరేసరికి గ్రహమంతా ధూళి తుపాను. అదే నెలాఖరున, డిసెంబర్ మొదట్లో చేరిన సోవియట్ నౌకలు ముందే రాసిపెట్టిన ఆదేశాల ప్రకారం ఆ ధూళినే ఫొటోలు తీశాయి. మారినర్-9కు మాత్రం భూమి నుంచి కొత్త ఆదేశాలు పంపి ఆగమన్నారు. ధూళి తగ్గుతుంటే ముందుగా నాలుగు నల్లటి మచ్చలు తేలాయి. అవి అగ్నిపర్వతాల శిఖరాలు! వాటిలో ఒకటైన ఒలింపస్ మాన్స్ ఎత్తు దాదాపు 22 కిలోమీటర్లు. ఆ తర్వాత 4,000 కిలోమీటర్ల పొడవైన వాలెస్ మారినెరిస్ లోయ, ఎండిన నదీ మార్గాలు బయటపడ్డాయి.

అంత ఎత్తు ఎలా వచ్చిందని అడిగితే హవాయితో పోల్చి రాయండి. అక్కడ ఫలకం కదలడం వల్ల లావా దీవుల వరుసగా పరుచుకుంది. అంగారకుడిపై అలా కదిలే ఫలకాలు లేవు, కాబట్టి ఒక్కచోటే పేరుకుంది.

నేనుండే సూరత్ సలాబత్‌పురాలో మంగళ్‌యాన్ అంటే తెలుగువాళ్లం శ్రీహరికోట అంటాం. దాని రంగుల కెమెరా తయారైంది మాత్రం ఇదే గుజరాత్‌లో, అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో. '450 కోట్లు, తొలి ప్రయత్నంలోనే విజయం' అని రాసి వదిలేస్తే, నా ఉద్దేశంలో, అది సగం జవాబే. 2014 సెప్టెంబర్ 24న అది చేరిన కక్ష్య బాగా సాగదీసినది: దగ్గర 421 కిలోమీటర్లు, దూరం దాదాపు 77,000. పైకి వెళ్లినప్పుడు గ్రహం మొత్తం ఒకే ఫ్రేములో పడేది. థార్సిస్ అగ్నిపర్వతాలు, మబ్బులు, ధ్రువపు మంచు అన్నీ ఒక్క ఫొటోలో. 2022లో సంబంధాలు తెగిపోయేలోపు అది వెయ్యికి పైగా ఫొటోలు పంపింది.