అమ్మకానికొచ్చిన నేత ఇల్లు: పాతబడినదేది, పాతబడనిదేది?

మన నేతవాళ్ల చరిత్ర అనగానే విజయనగర కాలపు వలసలు, కులదైవాలు, గోత్రాలు గుర్తుకొస్తాయి. తరతరాలుగా మనం బతికిన ఇళ్ల లోపలి సంగతి అంతగా రాసుకోం. ఇప్పుడు రాసుకోవలసిన అవసరం వచ్చింది. రాజపాళయంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మనవాళ్ల పాత ఇళ్లు అమ్మకానికొస్తున్నాయి. పిల్లలు కోయంబత్తూరులోనో, చెన్నైలోనో, బెంగళూరులోనో స్థిరపడ్డారు. కొనేవాళ్లు గడపలో నిలబడి ఒక చూపు చూసి "అంతా పాత మోడలండీ" అంటారు. ఆ ఒక్క మాటతో బేరం దిగిపోతుంది. అందుకే ఆ ఇంట్లో ఏది ఎప్పుడు వచ్చిందో మనకు తెలిసి ఉండాలి.

మొదట మన ఇంట్లో అలంకారం అనేదే లేదు. ఇల్లు మగ్గం కోసం కట్టినది. గుంట మగ్గంలో నేసేవాడు గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి తొక్కుడు కర్రలు తొక్కుతాడు. నేల చెమ్మ వల్ల నూలు పెళుసెక్కదు, పోగులు తెగవు. అందుకే మట్టినేల, పేడ అలుకు. మగ్గం మీద వెలుతురు పడేలా కిటికీ. వేడిగాలి పైకి పోవడానికి ఎత్తైన కప్పు, దాని కింద వెంటిలేటర్లు. పడుగు చాపి గంజి పెట్టుకోవడానికి వీధి కూడా పొడుగ్గా, తిన్నగా ఉండాలి. గోడకు సున్నం, గడపకు పసుపు, అరుగుకు కావి చారలు. అంతే సింగారం.

1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా గారు రాజపాళయం మిల్స్ స్థాపించారు. ఆ తరవాత ఊరు నూలు మిల్లుల ఊరైంది. పక్కనున్న సత్రపట్టి ఆసుపత్రి కట్టుగుడ్డకు పేరు తెచ్చుకుంది. పవర్‌లూమ్ వచ్చిన ఇళ్లలో గుంటతో పని లేకపోయింది. చాలామంది దాన్ని పూడ్చి, పైన సిమెంటు పోసి, ఎర్ర ఆక్సైడ్ కలిపి నున్నగా మెరుగు పెట్టించారు. అదే మన ఎర్రగచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా పడుకున్నవాళ్లకి దాని విలువ తెలుసు.

చేతిలో నాలుగు డబ్బులాడాక అసలు "ఫ్యాషన్" దిగింది. చలువరాతి ముక్కల మొజాయిక్ నేల, నడుము ఎత్తు దాకా ముదురు రంగు ఆయిల్ పెయింట్, సన్‌మైకా అతికించిన గోడ షోకేసు, దూలాలను కప్పేసిన ఫాల్స్ సీలింగ్, ఏసీ కోసం మూసేసిన వెంటిలేటర్లు. ఇవేవీ మన పనిలోంచి పుట్టినవి కావు. పట్నంలో చూసి తెచ్చుకున్నవి. ఇల్లు చీకటిగా, ఇరుకుగా కనబడేది వీటివల్లే. కొనేవాళ్లు "పాత మోడల్" అనేది కూడా ఎక్కువగా వీటినే.

కాబట్టి అమ్మేముందు తీయవలసినవి ఇవి. ఫాల్స్ సీలింగ్ విప్పితే ఎత్తు తిరిగొస్తుంది. వెంటిలేటర్లు తెరిస్తే గాలీ వెలుతురూ వస్తాయి. ఊడిపోతున్న షోకేసు తీసేస్తే హాలు పెద్దదవుతుంది. ఆయిల్ పెయింట్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమలుకొచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఎక్కువే ఉండొచ్చు. పొడిగా గీకి దుమ్ము లేపొద్దు. తడిపి గీకాలి, ఆ వేళ పిల్లల్ని, గర్భిణుల్ని ఇంట్లో ఉంచకూడదు.

తీయకూడనివీ ఉన్నాయి. ఎర్రగచ్చు మీద టైల్స్ వేయించే తొందర వద్దు. బాగా కడిగి, కాస్త కొబ్బరినూనె రాసి తుడిస్తే మళ్లీ మెరుస్తుంది. టేకు తలుపులు, స్తంభాలు పాత సామాను కింద తూకానికి ఇచ్చేయొద్దు. కారైక్కుడికి వెళ్లి చూడండి: కూల్చిన చెట్టినాడు ఇళ్ల తలుపులు, స్తంభాలు అక్కడి పాతవస్తువుల అంగళ్లలో మంచి ధరకు అమ్ముడవుతున్నాయి. ఒకరు వదిలించుకున్నదాన్ని ఇంకొకరు వెతుక్కుంటూ వచ్చి కొంటున్నారు.

ఇక గుంట సంగతి. పూడ్చిన చోటు ఎక్కడో కొనేవాళ్లకు దాచకుండా చెప్పాలి. వదులుగా పూడ్చిన మట్టి కుంగితే పైన వేసిన టైల్స్ పగులుతాయి. ఇంకా పూడ్చని గుంట ఉంటే పొరలు పొరలుగా మట్టి వేసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. మాట నిలబెట్టుకునే నేతవాడన్న పేరు ధరకన్నా పెద్దది.

మన ఊరివారే, మద్రాసు రాష్ట్రాన్ని పాలించిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారు తమ ఇంటినే గాంధీ కళా మన్రానికి ఇచ్చేశారు. అందరం అలా ఇవ్వలేం. అమ్ముకోవలసిన అవసరాలు మనకున్నాయి, అందులో తప్పూ లేదు. కానీ గుంట పూడ్చేముందు దాని పొడవు, వెడల్పు, లోతు కొలిచి రాసుకోవడం, నాలుగు మూలల నుంచి ఫోటోలు తీసుకోవడం ఒక్క పూట పని. మగ్గం ఏ దిక్కుకు ఉండేది, పడుగు ఎక్కడ చాపేవారు, ఆ గుంటలో ఎవరెవరు కూర్చుని నేశారు అన్నది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయించుకోండి. ఇల్లు చేతులు మారినా ఆ కాగితం మన దగ్గరే ఉంటుంది.